సీటు కింద దాగిన రంగు: పాత అంబాసిడర్ లోపలి భాగాన్ని ఫ్యాక్టరీ రూపానికి తేవడం ఎలా

మా నల్గొండ వైపు పాత అంబాసిడర్ బాగు చేయించాలని ఎవరు అనుకున్నా ముందు బయటి పెయింటు గురించే ఆలోచిస్తారు. టింకరింగ్, పుట్టీ, పెయింటింగ్ అయ్యేసరికి డబ్బులూ అయిపోతాయి, ఓపికా అయిపోతుంది. ఇక లోపలి పనిని రెండు రోజుల్లో తేల్చేస్తారు. సీట్లకు మెరిసే రెక్సిన్ కుట్టిస్తారు, కింద ఇంట్లో పరిచే కార్పెట్ పరుస్తారు. బయట నుంచి చూస్తే 1972 బండి. డోర్ తీస్తే అది ఏ కాలందో చెప్పలేం. మా నాయన బండి విషయంలో మేమూ దాదాపు అదే చేయబోయాం. మధ్యలో ఆగి, విప్పినవన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకుని, ఏడు నెలలు పని చేశాం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను. మీ బండి ఫియట్ అయినా, జీపు అయినా పద్ధతి ఇదే.

ముందు మీ బండి ఏదో తేల్చుకోండి

అంబాసిడర్ అన్నీ ఒకటే అనుకుంటాం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1950ల చివర్లో మొదలైన ఆ బండి 2014 దాకా వచ్చింది. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దానికి మూలం. 1962లో మార్క్ 2 వచ్చింది, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా. బయటి ఆకారం పెద్దగా మారకపోవడంతో ఒకదాని సామాను ఇంకోదానికి పట్టేస్తుంది. అసలు చిక్కు అక్కడే. యాభై ఏళ్లలో మీ బండిని ఎందరో మెకానిక్‌లు ముట్టుకుని ఉంటారు. ఎవరి చేతికి ఏ మోడల్ స్విచ్చు దొరికితే అది బిగించి పంపి ఉంటారు. ఇప్పుడు బండిలో ఉన్నది కదా అని అదే ఒరిజినల్ అనుకోకండి.

ఆర్‌సీలో తయారైన సంవత్సరం చూడండి. బానెట్ కింది ప్లేటు మీది చాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్న నంబరుతో సరిపోతుందో లేదో చూడండి. తర్వాత అదే ఏడాది బండ్ల ఫొటోలు వెతకండి. ఆనాటి వారపత్రికల్లో వచ్చిన ప్రకటనలు, కంపెనీ ఇచ్చిన ఓనర్ మాన్యువల్, ఇంట్లో పెళ్లి ఆల్బమ్, ఏదైనా సరే. పెళ్లికొడుకు కారు దిగుతున్న ఫొటో ఒక్కటి దొరికితే చాలు, వెనకాల డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు రెక్సిన్ తొడిగిన అట్ట), సీటు అంచు కనిపిస్తాయి. మా బండికి పనికొచ్చింది మా మేనత్త పెళ్లి ఫొటోనే. అది బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగు తెలియలేదు గానీ, సీటు మీద నిలువు గీతలు ఎన్నో లెక్కపెట్టుకోగలిగాం.

మీ బండికి 50 ఏళ్లు దాటి ఉంటే ఇంకో సంగతి తెలుసుకోండి. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కాకపోతే ఆ నంబరు తీసుకున్నాక బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోలు కోసమే రోడ్డెక్కాలి. ఆదివారం యాదగిరిగుట్టకు పోయొద్దామనే ఆలోచన ఉంటే దరఖాస్తు పెట్టే ముందు ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

విప్పే ముందు ఫోన్ తీయండి

మొట్టమొదట బ్యాటరీ వైర్లు తీసేయండి. అంతకంటే ముందు ఏ వైరు బాడీకి కలిసి ఉందో చూసి రాసుకోండి. బ్రిటిష్ డిజైన్ పాత బండ్లలో ప్లస్‌ను బాడీకి కలిపే పద్ధతి ఉండేది. ఈ కాలం అలవాటుతో తిరగేసి పెడితే వైరింగ్‌కు దెబ్బ.

ఇక ఫొటోలు. ప్రతి స్క్రూ, ప్రతి క్లిప్పు, ప్రతి మూల. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి రెండు. మేము తొమ్మిది వందల పైచిలుకు ఫొటోలు తీశాం, అయినా వెనక సీటు వీపు దగ్గర బ్రాకెట్టు ఎటు తిరిగి ఉండాలో మర్చిపోయి ఒక రోజు పోగొట్టుకున్నాం. విప్పిన స్క్రూలను చిన్న జిప్ కవర్లలో వేసి, "ఎడమ ముందు డోర్, కింది వరస" అని చీటీ రాసి లోపల పెట్టండి. కవరు మీద పెన్నుతో రాస్తే మా ఎండలకు నెలలోపే చెరిగిపోతుంది.

పానాల విషయంలో జాగ్రత్త. ఈ బండి నట్లు, బోల్టులు అంగుళాల సైజువి. అర అంగుళం తలకు 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది, కానీ లోపల కొంచెం ఆడుతుంది. తుప్పు పట్టిన బోల్టు మీద బలంగా తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. అంగుళాల పానా సెట్టు ఒకటి కొనుక్కోండి, లేదా పాత మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే పొద్దున పని సులువవుతుంది.

విప్పే వరస: సీట్లు, కింది మ్యాట్లు, డోర్ హ్యాండిళ్లు, డోర్ ప్యాడ్లు, అంచుల బీడింగులు, చివరికి టాప్ లైనింగ్, అంటే పైకప్పు లోపలి గుడ్డ. గ్లాసు తిప్పే హ్యాండిల్ దగ్గర తొందరపడకండి. కొన్నిటికి మధ్యలో స్క్రూ ఉంటుంది. కొన్నిటికి వెనక ఉన్న గిన్నెలాంటి ప్లేటును లోపలికి నొక్కి పట్టుకుంటే సన్నటి పిన్ను కనబడుతుంది. ఆ పిన్నును ఇంకో సన్న మేకుతో ఇటు నుంచి అటు నెట్టాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే మాత్రం వెనకున్న అట్ట విరిగిపోతుంది.

బండిలోనే సాక్ష్యం ఉంటుంది

పని మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే, అందుకే ఇక్కడ నిదానంగా చెబుతాను.

మా బండి సీట్లు నేను చూసినప్పటి నుంచీ ముదురు గోధుమ రంగే. డోర్లు కూడా అంతే. కుషన్ షాపుకు పోయి అదే రంగు రెక్సిన్ ఎంచుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. మర్నాడు వెనక ఎడమ డోర్ గ్లాసు హ్యాండిల్ పిన్ను కొట్టి, గిన్నె ప్లేటు తీసి చూస్తే, దాని వెనక రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. అక్కడ గోధుమ రంగు రెక్సిన్‌కు పెద్ద రంధ్రం ఉంది, దాని కింద నీలం రంగు పొర కనబడుతోంది. నీలం అంచును గోటితో కొంచెం లేపితే అడుగున బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. ఎండ తగలలేదు, చెయ్యి తగలలేదు. తడిగుడ్డతో తుడిస్తే నిన్ననే అతికించినట్టు మెరిసింది. మా నాయనను పిలిచి చూపించాను. ఆయన వేలితో దాన్ని తాకి, "ఔ, ఇదే. మీ తాత కొన్ననాడు ఇట్లనే ఉండె" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆయనకూ గుర్తు రాని రంగు.

అలాంటి చోట్లు మీ బండిలో కూడా ఉంటాయి. వెతకాల్సినవి ఇవి: సీటు కవరు ఫ్రేము కిందికి మడిచి క్లిప్పులు కొట్టిన అంచు, చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ వెనక, ముందు సీటు అడుగున నేల మూలలు, డోర్ గడప దగ్గర రేకు పట్టీ కింద, డ్యాష్‌బోర్డు అరలో లోపలి గోడ, వెలుతురు పడని బీడింగు మడతలు. పాత పొర దొరికితే పూర్తిగా పీకేయకండి. అరచెయ్యంత ముక్క జాగ్రత్తగా కోసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టండి. పెట్రోలు, థిన్నరు తగిలితే రంగు కారిపోతుంది, దాని జోలికి పోకండి.

ముక్కలో మూడు చూడాలి. రంగు ఒకటి, పై గీరలు అంటే ఆ తోలు లాంటి గరుకుతనం ఒకటి, వెనక గుడ్డ నేత ఒకటి. రంగు పోల్చడం షాపు ట్యూబ్‌లైట్ కింద చేయొద్దు. పొద్దున పది గంటల వెలుతురులో, షాపు బయట నిలబడి పోల్చండి. పాలమూరులో, నల్గొండలో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి. అక్కడా లేకపోతే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో గురువారం పాత సామాను మధ్య వెతకండి. రెక్సిన్ సాధారణంగా 54 అంగుళాల పన్నాతో వస్తుంది. సీట్లకు, డోర్లకు, అంచుల పైపింగ్‌కు మొత్తం ఒకే రోల్ నుంచి కోయించుకోండి, రెండు మీటర్లు ఎక్కువే తీసుకోండి. తర్వాత తెచ్చిన రోల్ ఎంత అదే రంగన్నా పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

గోధుమ రంగు రెక్సిన్‌కు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. రంగు దొరికిన సంతోషంలో అది పెద్దగా బాధనిపించలేదు.

తుప్పు, తడి: దీన్ని దాటేయకండి

లోపలంతా ఖాళీ అయ్యాక రేకు చూడండి. నేల మూలలు, సీటు బోల్టుల చుట్టూ, డోర్ల అడుగు. తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, రంధ్రాలుంటే రేకు ముక్క వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టించండి. డోర్ల అడుగున నీళ్లు పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. మన ఎర్రమట్టి దుమ్ము వాటిని ఇటుకలా మూసేస్తుంది. సైకిల్ ఊచతో పొడిచి శుభ్రం చేయండి. గ్లాసు పక్క నుంచి దిగిన వాన నీళ్లు అక్కడే నిలిచిపోతే ఎంత మంచి డోర్ ప్యాడ్ వేసినా రెండు వర్షాకాలాలకు ఉబ్బిపోతుంది.

సీట్లు

కుషన్ షాపు వాళ్లు సీటు చూడగానే అనే మాట ఒకటే. "అన్నా, ఈ పీచు, స్ప్రింగులు అన్నీ తీసేద్దాం. ఫోమ్ వేస్తే కొత్త కారు లెక్క మెత్తగుంటది." వాళ్లకు మోసం చేయాలని ఉండదు. ఫోమ్ పని తొందరగా అవుతుంది, వాళ్ల చేతికి అలవాటైంది కూడా అదే. కానీ మీరు ఒప్పుకోవద్దు.

మేము మొదట ఇచ్చిన చోట, నేను ఊళ్లో లేని రెండు రోజుల్లో, ముందు సీటు స్ప్రింగుల ఫ్రేమును పాత ఇనుము వాడికి అమ్మేసి ఫోమ్ దిమ్మ పెట్టేశారు. కూర్చుని చూస్తే తల టాప్‌కు తగులుతోంది, స్టీరింగ్ తొడలకు రాసుకుంటోంది. ఆ బండిలో ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన, హ్యాండ్ బ్రేకు డ్యాష్‌బోర్డు కింద. కూర్చునే ఎత్తును బట్టి చెయ్యి వాటికి అందుతుంది. ఎత్తు మారితే నడిపే తీరే మారిపోతుంది. ఇంకో ఫ్రేము కోసం మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల గ్యారేజీలన్నీ తిరిగాం. చివరికి ఒక పాత టాక్సీ ఓనరు కోళ్ల షెడ్డులో దొరికింది. అందుకే చెబుతున్నాను, సీటు ఇచ్చేటప్పుడు "స్ప్రింగులు, పీచు, పాత కవరు, ఏదీ పారేయొద్దు" అని రసీదు మీదే రాయించండి. కుదిరితే పక్కనే కూర్చోండి.

రెండోసారి పని చేసిపెట్టింది మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయన. మేము చాచా అనేవాళ్లం. ఆయన చేసిన వరస ఇది.

పాత కవరును కత్తితో చీల్చలేదు. బ్లేడుతో ఒక్కో కుట్టు తెంపి, ముక్కలుగా విడదీసి, ప్రతి దాని మీద చాక్‌పీస్‌తో నంబరు వేశారు. ఆ ముక్కలే కొత్త రెక్సిన్‌కు కొలతలు. పాత ముక్క సాగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని యథాతథంగా గీయకూడదు. పాత కుట్టు రంధ్రాల వరస ఎక్కడుందో చూసి, అది ఆధారంగా గీయాలి. నిలువు గీతల సంఖ్య, వాటి మధ్య వెడల్పు, అంగుళానికి ఎన్ని కుట్లు, ఇవన్నీ పాత ముక్క చూసి రాసుకోండి. ఇప్పటి మిషన్ మీద దగ్గర కుట్లు వేస్తే రెక్సిన్ ఆ రంధ్రాల వెంటే చిరుగుతుంది.

స్ప్రింగుల ఫ్రేము కడిగి, తుప్పు గీకి, నల్ల పెయింటు కొట్టాలి. విరిగిన స్ప్రింగు ఒకటి రెండు ఉంటే అవే మార్చాలి. కొత్తవి పాతవాటంత గట్టిగానే ఉండాలి, కొన్ని గట్టివి, కొన్ని మెత్తవి పెడితే ఆరు నెలల్లో సీటు ఒక వైపుకు వాలుతుంది. స్ప్రింగుల మీద మందపాటి గోనెగుడ్డ బిగించి, దారంతో ప్రతి స్ప్రింగుకూ కట్టాలి. లేకపోతే పీచు స్ప్రింగుల్లోకి దిగిపోతుంది. గోనెగుడ్డ మీద కొబ్బరి పీచు. దాన్ని చేత్తో విడదీసి, ముందు అంచున కొంచెం ఎక్కువ, వీపు దగ్గర తక్కువ పరచాలి. ఆపైన దూది పొర. చాచా దూది పరిచాక కళ్లు మూసుకుని అరచేతిని అటూ ఇటూ నెమ్మదిగా జరిపేవారు. ఎక్కడో ఒక చోట ఆగి, చిటికెడు దూది తీసి ఇంకో చోట పెట్టేవారు. "కంటికి కనబడది బేటా, చేతికే తెలుస్తది" అనేవారు.

కవరు తొడగడం ఎండ ఉన్న రోజే పెట్టుకోండి. కుట్టిన కవరును అరగంట ఎండలో వేస్తే రెక్సిన్ మెత్తబడి మూలలకు చక్కగా కూర్చుంటుంది. అయితే మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. ఆ వేడిలో రెక్సిన్ ఎంత లాగితే అంత సాగుతుంది, చల్లబడ్డాక బిగుసుకుని కుట్టు దగ్గర నోరు తెరుస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల ఎండ చాలు.

డోర్ ప్యాడ్లు

పాత అట్ట ఉబ్బి విరిగిపోయినా పారేయకండి, కొత్తదానికి అదే అచ్చు. అదే మందం హార్డ్‌బోర్డు తీసుకోండి. ప్లైవుడ్ గట్టిగా ఉంటుంది కదా అని వేస్తే మందం ఎక్కువై క్లిప్పులు పట్టవు, హ్యాండిళ్లు పైకి లేచి నిలబడతాయి. పాత అట్టను కొత్తదాని మీద పెట్టి ప్రతి రంధ్రం గీయండి. కోసిన అంచులకు, వెనక వైపుకు రెండు పూతలు వార్నిష్ వేసి బాగా ఆరనివ్వండి. బిగించే ముందు డోర్ రేకుకు పలుచటి ప్లాస్టిక్ షీటు అతికించండి. గ్లాసు పక్క నుంచి దిగే నీళ్లు అట్టకు తగలకుండా అదే కాపాడుతుంది. చాలా బండ్లలో దీన్ని ఎప్పుడో చింపేసి ఉంటారు.

టాప్ లైనింగ్

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైన గుడ్డను అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీలు పట్టుకుని ఉంటాయి. ఒక్కో కడ్డీ వంపు ఒక్కో రకం. తీసేటప్పుడే ముందు నుంచి వెనక్కి నంబరు చీటీలు కట్టండి. కలిసిపోతే గుడ్డ ఎక్కడో వేలాడుతుంది. ముందు, వెనక అద్దాలు తీసి ఉన్నప్పుడే లైనింగ్ వేయించండి. గుడ్డ అంచు రబ్బరు కిందికి పోవాలి కాబట్టి అద్దాలు బిగించాక అది సరిగా కుదరదు. లైట్ వైరు ముందే లాగి పెట్టుకోండి. అతికించే సొల్యూషన్ (జిగురు) పూశాక వెంటనే అతికించకుండా వేలికి అంటనంత ఆరనివ్వాలి. మిగిలిన గుడ్డను వారం తర్వాత కోయండి. ఆ వారంలో ఎండకు గుడ్డ ఎంత సాగాలో అంత సాగి కూర్చుంటుంది.

డ్యాష్‌బోర్డు, వైర్లు, చిన్న సామాను

మీటరు లోపల ముల్లును, అంకెలను మళ్లీ పెయింటు చేయించకండి. అద్దం తీసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. కిలోమీటర్ల అంకె ఎంత ఉందో అంతే ఉండనివ్వండి.

వైర్లను ఎలుకలు కొరికి ఉంటే ఒకే నల్ల వైరు తెచ్చి అంతటా లాగేయకండి. బ్రిటన్ వైరింగ్ సామాను కంపెనీ లూకాస్ పాత పద్ధతిలో ప్రతి రంగుకూ ఒక పని ఉంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లది, ఎరుపు పార్కింగ్, వెనక లైట్లది, నలుపు ఎర్త్. అదే రంగుల్లో వేయిస్తే చూడటానికీ అసలులా ఉంటుంది, రేపు రాత్రి నార్కట్‌పల్లి దగ్గర లైటు పోతే ఏ మెకానిక్‌కైనా దారి దొరుకుతుంది.

స్టీరింగ్ చక్రం మీద పగుళ్లు వస్తే కొత్తది కొనకండి. పగులును కొంచెం వెడల్పు చేసి, ఎపాక్సీ నింపి, రెండు రోజులు ఆరాక నీళ్ల ఎమిరీ కాగితంతో రుద్ది పెయింటు వేయిస్తే కొత్తదానిలా వస్తుంది. ప్లాస్టిక్ నాబులకు సబ్బు నీళ్లు, మెత్తటి పాలిష్ చాలు. పాత స్క్రూలు గీత తలవైతే గీత తలవే వాడండి. మెరిసే ప్లస్ తల స్క్రూ ఒక్కటి పెట్టినా కన్ను అక్కడికే పోతుంది.

తర్వాత చూసుకోవడం

మా దగ్గర బండికి పెద్ద శత్రువులు రెండు, ఎండ, ఎలుక. కొబ్బరి పీచు సీటంటే ఎలుకకు సిద్ధంగా ఉన్న గూడు. నెలకోసారి సీటు ఎత్తి చూడండి. నీడలో నిలిపినా గ్లాసులు వేలు దూరేంత తెరిచి పెట్టండి, లోపలి వేడి బయటికి పోతుంది. రెక్సిన్ మీద మెరుపు స్ప్రేలు కొట్టకండి, వాటికి మన దుమ్ము అంటుకుని నల్లబడుతుంది. తడిగుడ్డ, కొంచెం సబ్బు చాలు.

చివరిగా ఒక పని. మేము వెనక సీటు బిగించే ముందు దాని కింద రేకు మీద ఒక ప్లాస్టిక్ కవరు అతికించాం. అందులో పాత ఆకుపచ్చ రెక్సిన్ ముక్క ఉంది, కొత్త రెక్సిన్ ముక్క ఉంది, ఏ షాపులో ఏ తేదీన కొన్నామో రాసిన కాగితం ఉంది, మేనత్త పెళ్లి ఫొటో కాపీ ఉంది. వెనక ఎడమ డోర్ హ్యాండిల్ గిన్నె ప్లేటు కింద ఆ రూపాయి బిళ్లంత పాత ముక్కను మాత్రం పారేయలేదు, కొత్త ప్యాడ్‌కు అదే చోట అతికించి, మీద హ్యాండిల్ బిగించాం.